నీటిపారుదల నిర్మాణాల్లో ముప్పుల అంచనా, ప్రాధాన్య నిర్ణయం: శ్రీశైలం ఎడమగట్టు సొరంగం నేర్పే పాఠాలు

సారాంశం

భారీ ఇంజినీరింగ్ పథకాల్లో ముప్పులను సంభావ్యత, తీవ్రతల గుణకారంతో లెక్కించి వరుసలో పెట్టడం సాధారణ పద్ధతి. ఈ పద్ధతి తరచూ జరిగే చిన్న నష్టాలను పైకి తెస్తుంది. అరుదుగా వచ్చి ప్రాణాలు తీసే ముప్పులను కిందికి నెట్టే అవకాశం ఉంది. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ వ్యాసం ఆ లోపాన్ని పరిశీలిస్తుంది. వెనక్కి తిరిగే దారి లేని ముప్పులను గుణకారంతో సంబంధం లేకుండా ముందు వరుసలో ఉంచాలని ప్రతిపాదిస్తుంది. పథకం జాప్యం వల్ల ఆయకట్టు రైతు మోసే ముప్పును, దానిని తగ్గించడంలో విస్తరణ శాస్త్రవేత్తల పాత్రను చర్చిస్తుంది.

కీలక పదాలు: ముప్పుల అంచనా, ప్రాధాన్య క్రమం, సొరంగ నిర్మాణం, ఆయకట్టు, దక్షిణ తెలంగాణ

పరిచయం

దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో చల్కా నేలలు ఎక్కువ. వర్షాధార సేద్యమే ప్రధానం. భూగర్భజలం గట్టి రాతి పొరల్లోని పగుళ్లలోనూ, వాటిపైన శిథిలమైన రాతి పొరలోనూ మాత్రమే దొరుకుతుంది. నల్లగొండ జిల్లాలో ఆ నీటిలోనూ ఫ్లోరైడ్ సమస్య ఉంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదన్న పరిమితిని ఇక్కడి అనేక బావులు దాటాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే ప్రక్రియకు ‘నల్గొండ పద్ధతి’ అన్న పేరు స్థిరపడిందంటే ఇక్కడి సమస్య ఎంత లోతైనదో తెలుస్తుంది.

ఇటువంటి ప్రాంతానికి కృష్ణా జలాలను తరలించడానికి చేపట్టినదే శ్రీశైలం ఎడమగట్టు కాలువ పథకం. తరువాతి కాలంలో దీనికి ఎలిమినేటి మాధవరెడ్డి పేరు పెట్టారు. శ్రీశైలం జలాశయం నుంచి 30 టీఎంసీల నీటిని ఎత్తిపోత అవసరం లేకుండా వాలు ప్రవాహంతోనే తీసుకుని, 3 లక్షల ఎకరాలకు పైగా సాగునీరు, ఐదు వందలకు పైగా ఫ్లోరైడ్ పీడిత గ్రామాలకు తాగునీరు ఇవ్వడం దీని లక్ష్యం. సొరంగం పూర్తయ్యేలోగా ప్రత్యామ్నాయంగా నాగార్జునసాగర్ జలాశయపు నీటిని పుట్టంగండి వద్ద ఎత్తిపోసి అక్కంపల్లి జలాశయానికి అందిస్తున్నారు.

పథకంలోని మొదటి సొరంగం పొడవు 43.93 కిలోమీటర్లు. శ్రీశైలం జలాశయం ఒడ్డున దోమలపెంట దగ్గర మొదలై, అమ్రాబాద్ పులుల అభయారణ్యం కింద సాగి, మన్నెవారిపల్లి దగ్గర బయటికి వస్తుంది. నిర్మాణ ఒప్పందం 2005లో కుదిరింది. అయిదేళ్లలో పూర్తి కావలసిన పని 2025 నాటికి కూడా సుమారు 9.5 కిలోమీటర్లు మిగిలి ఉంది. ముప్పుల అంచనాను అధ్యయనం చేసే విద్యార్థికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

అంచనాకు వాడుకలో ఉన్న పద్ధతి

ముప్పుల నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2009లో ఐఎస్ఓ 31000 ప్రమాణాన్ని వెలువరించి, 2018లో సవరించింది. అందులో ముప్పుల అంచనాకు మూడు మెట్లు ఉన్నాయి. మొదటిది ముప్పును గుర్తించడం. రెండవది విశ్లేషించడం. మూడవది దానిని ఇతర ముప్పులతో పోల్చి, దేనికి ముందు చర్య తీసుకోవాలో నిర్ణయించడం. ఆ తరువాతే నివారణ చర్య మొదలవుతుంది.

ఆచరణలో ఇంజినీర్లు ఒక పట్టిక తయారు చేస్తారు. ప్రతి ముప్పుకు సంభావ్యతను 1 నుంచి 5 వరకు, తీవ్రతను 1 నుంచి 5 వరకు అంకెలతో సూచిస్తారు. రెండింటి గుణకారమే ఆ ముప్పు స్థాయి. స్థాయి ఎక్కువున్న ముప్పు పట్టికలో పైకి వస్తుంది. అధికారుల దృష్టి, నిధులు, సిబ్బంది సమయం ఆ వరుసలోనే ఖర్చవుతాయి.

ఈ పద్ధతి సులభమైనది, ఉపయోగకరమైనది కూడా. వేర్వేరు విభాగాల వారు ఒకే కాగితం ముందు కూర్చుని మాట్లాడుకునే వీలు కల్పిస్తుంది. అయితే వరుస తయారు కాగానే దానిని అంతిమ తీర్పుగా తీసుకోవడంలోనే చిక్కు ఉంది.

గుణకారం దాచే విషయం

విద్యార్థుల అభ్యాసం కోసం ఒక పొడవైన సొరంగానికి సంబంధించిన నాలుగు ముప్పులను ఊహించుకోవచ్చు. కింది అంకెలు ఏ వాస్తవ పథకానివీ కావు.

పట్టిక 1. ఊహాత్మక ముప్పుల పట్టిక (సంభావ్యత × తీవ్రత = స్థాయి)

అ) తవ్వకపు యంత్రం బేరింగు చెడిపోయి నెలల తరబడి పని ఆగడం: 4 × 4 = 16
ఆ) విద్యుత్ సరఫరాలో అంతరాయం: 4 × 3 = 12
ఇ) కాంక్రీటు సెగ్మెంట్ల తయారీకి సిమెంటు ఆలస్యంగా రావడం: 5 × 2 = 10
ఈ) నలిగిన రాతి పొర తగిలి నీరు, మట్టి ఒక్కసారిగా సొరంగంలోకి దూసుకురావడం: 2 × 5 = 10

ఈ వరుసలో సిమెంటు ఆలస్యం, మనుషులను పూడ్చివేయగల ప్రమాదం ఒకే స్థాయిలో చివరన నిలిచాయి. అంకెల్లో తప్పు లేదు. ప్రతి అంకెను విడిగా చూస్తే సమర్థించవచ్చు. కానీ సిమెంటు వారం ఆలస్యమైతే వారం తరువాత పని కొనసాగుతుంది. నాలుగో ముప్పు నిజమైతే పోయిన ప్రాణం తిరిగి రాదు. గుణకారం ఈ తేడాను చూడలేదు.

రెండో లోపం ముప్పులను విడివిడిగా లెక్కించడం. వాలు కిందికి తవ్వే సొరంగంలో ఊటనీటిని నిరంతరం పంపులతో తోడుతూ ఉండాలి. గాలిని ఫ్యాన్లతో పంపుతూ ఉండాలి. విద్యుత్ ఆగితే ఈ రెండూ ఆగుతాయి. కాబట్టి పట్టికలోని ‘ఆ’ విడిగా ఒక అసౌకర్యం మాత్రమే. అది ‘ఈ’తో కలిసి వస్తే ప్రాణాంతకం. పట్టికలోని ఏ రెండు వరుసలు కలిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు గుణకారం జవాబు చెప్పదు.

మూడో లోపం సంభావ్యత అంకెకు ఉన్న ఆధారం. తెలిసిన విషయానికి 2 అని వేయడం వేరు, తెలియని విషయానికి 2 అని వేయడం వేరు. నల్లగొండ, మహబూబ్‌నగర్ రైతులకు ఈ తేడా అనుభవపూర్వకంగా తెలుసు. ఒక చోట వందల అడుగులు దించినా బోరులో చుక్క నీరు పడదు. పది గజాల పక్కన వేస్తే నీరు ఎగజిమ్ముతుంది. గట్టి రాతి నేలలో నీరు సమంగా పరచుకుని ఉండదు, పగుళ్లలో దాగి ఉంటుంది. రైతుకు అదృష్టంగా కనిపించే ఆ పగులే సొరంగం తవ్వేవారికి ముప్పు. పరీక్షలు చేయని నేలలో ‘సంభావ్యత తక్కువ’ అన్న మాట అజ్ఞానానికి అంకె రూపమే అవుతుంది.

ఈ లోపాలు ఇతర పరిశ్రమల్లోనూ గుర్తించబడ్డాయి. యంత్ర భాగాల వైఫల్యాలను విశ్లేషించే ఎఫ్ఎంఈఏ పద్ధతిలో తీవ్రత, సంభావ్యత, ముందుగా పసిగట్టగల వీలు అనే మూడింటిని గుణించే ఆనవాయితీ దీర్ఘకాలం కొనసాగింది. మోటారు వాహన పరిశ్రమకు చెందిన అమెరికా, జర్మనీ సంస్థలు 2019లో వెలువరించిన ఉమ్మడి కరదీపికలో ఆ గుణకారాన్ని పక్కన పెట్టి, తీవ్రతకు ముందుగా విలువ ఇచ్చే చర్యా ప్రాధాన్య పద్ధతిని ప్రవేశపెట్టారు.

2025 ఫిబ్రవరి 22

ఆ రోజు ఉదయం దోమలపెంట వైపు నుంచి సుమారు 14 కిలోమీటర్ల లోపల సొరంగం పైకప్పు కూలింది. కొంతకాలం ఆగిన పని అంతకు కొద్ది రోజుల ముందే తిరిగి మొదలైంది. నీరు, బురద, రాళ్లు ఒక్కసారిగా వచ్చి యంత్రాన్ని కప్పివేశాయి. చాలామంది సిబ్బంది బయటపడగలిగారు. ఇంజినీర్లు, యంత్రం నడిపేవారు, కూలీలు కలిపి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. జాతీయ, రాష్ట్ర విపత్తు స్పందన దళాలు, సైన్యం, నౌకాదళం, సింగరేణి రక్షణ బృందాలు, ఎలుక బొరియల పద్ధతిలో తవ్వే గని కార్మికులు వారాల తరబడి శ్రమించారు. మార్చి 9న ఒకరి, మార్చి 25న మరొకరి మృతదేహాలు లభించాయి. మిగిలిన వారిని ప్రాణాలతో తీసుకురావడం సాధ్యపడలేదు.

ఈ ప్రమాదాన్ని ఉత్తరాఖండ్‌లోని సిల్‌క్యారా సొరంగ ప్రమాదంతో పోల్చడం ఉపయోగకరం. 2023 నవంబరు 12న అక్కడ 41 మంది చిక్కుకున్నారు. 17 రోజుల తరువాత అందరూ క్షేమంగా బయటికి వచ్చారు. అక్కడ కూలిన చోటు ప్రవేశ ద్వారానికి దగ్గరగా ఉంది. శిథిలాల అవతల కార్మికులకు తవ్వి పూర్తయిన విశాలమైన చోటు మిగిలింది. గొట్టం ద్వారా ఆహారం, గాలి అందాయి. దోమలపెంటలో ఇవేవీ లేవు. కూలిన చోటు చేరడానికే దాదాపు 14 కిలోమీటర్లు లోపలికి వెళ్లాలి. నిమిషానికి వేల లీటర్ల ఊట ఆగకుండా వస్తోంది. పైన వందల మీటర్ల రాయి, ఆపైన అభయారణ్యం ఉన్నాయి.

పోలికలో తేలే సారాంశం ఇది. కూలడానికి గల అవకాశం రెండు చోట్లా ఉంది. కూలిన తరువాత మనిషి బతికే అవకాశాన్ని నిర్ణయించినవి బయటికి గల దూరం, మిగిలిన చోటు, గాలి, నీటి ఒరవడి. సంభావ్యత, తీవ్రత అనే రెండు గడుల పట్టికలో వీటిలో ఒక్కదానికీ స్థానం లేదు.

సాధారణంగా పొడవైన సొరంగాలకు మధ్యలో అడ్డ సొరంగాలో, నిలువు బావులో తవ్వుతారు. వాటివల్ల గాలి అందుతుంది, పని వేగం పెరుగుతుంది, అత్యవసర మార్గం ఏర్పడుతుంది. ఇక్కడ అడవిని, వన్యప్రాణులను కాపాడేందుకు మధ్యలో ఎక్కడా నేలను తవ్వకుండా రెండు చివరల నుంచే యంత్రాలతో తవ్వాలన్న రూపకల్పన ఎంచుకున్నారు. అడవిని కాపాడాలన్న నిర్ణయం సమంజసమైనదే. అయితే ఒక ముప్పును తొలగించిన నిర్ణయం మరో ముప్పును పెంచుతుంది. మధ్య మార్గం లేనప్పుడు ముందున్న రాతిని పరీక్షించే ఏర్పాట్లు, లోపలే తలదాచుకునే సురక్షిత గదులు ఆ మేరకు పెరగాలి. 2025 నవంబరులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో హెలికాప్టర్ ద్వారా విద్యుదయస్కాంత సర్వే ప్రారంభమైంది. అడవి నేలను తవ్వకుండానే కింది పొరలను తెలుసుకునే మార్గం ఇది. ఇటువంటి పరిశీలన తవ్వకానికి ముందు జరిగితే అంచనా అవుతుంది, తరువాత జరిగితే దిద్దుబాటు అవుతుంది.

అదే లోయలో మరి రెండు హెచ్చరికలు

2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో అగ్నిప్రమాదం సంభవించి తొమ్మిది మంది మరణించారు. అదే ఏడాది అక్టోబరులో మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకంలోని ఎల్లూరు పంపుహౌసు నీట మునిగింది. మొదటిది మంట, పొగ, రెండవది నీరు, 2025లో బురద, రాళ్లు. కారణాలు వేర్వేరు. మూడూ ప్రస్తుత నాగర్‌కర్నూల్ జిల్లాలో, కృష్ణా తీరానికి చేరువలో, భూమి లోపలి నిర్మాణాల్లో జరిగాయి.

విద్యుత్ కేంద్రాన్ని ఒక శాఖ, ఎత్తిపోతలను మరో శాఖ విడివిడిగా పరిశీలిస్తే ఇవి సంబంధం లేని ఘటనలుగా కనిపిస్తాయి. ‘భూమి లోపల పని చేసే మనిషి ఎంతసేపట్లో బయటపడగలడు?’ అన్న ఒక్క ప్రశ్నతో చూస్తే మూడూ ఒకే వర్గంలోకి వస్తాయి. ముప్పులను కారణాన్ని బట్టి మాత్రమే వర్గీకరిస్తే ఒక ప్రమాదం నేర్పిన పాఠం పక్క నిర్మాణానికి చేరదు. పర్యవసానాన్ని బట్టి కూడా వర్గీకరించాలి.

ప్రాధాన్య నిర్ణయానికి ప్రతిపాదిత క్రమం

పై పరిశీలన ఆధారంగా గుణకారానికి ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవడం అవసరం.

1. ఈ ముప్పు నిజమైతే పూర్వస్థితికి రాగలమా? రాలేమన్నది జవాబైతే సంభావ్యత ఎంత తక్కువైనా దానిని మొదటి వరుసలో ఉంచాలి. ప్రాణనష్టం కలిగించేవన్నీ ఈ వరుసలోనివే.

2. ముందుగా హెచ్చరిక అందుతుందా? అందితే ఎన్ని నిమిషాలు, ఎన్ని గంటల ముందు? ఊట హఠాత్తుగా పెరగడం, నీటి రంగు మారడం, సెగ్మెంట్ల మధ్య కదలిక వంటి సూచనలు కనిపించినప్పుడు పని ఆపే అధికారం స్థలంలో ఉన్న వ్యక్తికి ఉందా? పైఅధికారి అనుమతి వచ్చేదాకా ఆగవలసి వస్తే ఆ హెచ్చరికకు విలువ లేదు.

3. సంభావ్యత అంకె వెనుక పరీక్ష ఉందా, ఊహ ఉందా? పరీక్ష లేకపోతే ఆ అంకెను తక్కువగా వేయరాదు. ముందు పరీక్ష చేయాలి. సొరంగంలో యంత్రం ముందున్న రాతిలోకి పరీక్షా రంధ్రాలు వేసి చూడడం ఇందుకు తోడ్పడుతుంది.

4. నష్టాన్ని ఎవరు మోస్తారు? నిర్ణయం తీసుకున్నవారూ, నష్టాన్ని భరించేవారూ ఒకరు కాకపోతే ఆ ముప్పు పట్టికలో కిందికి జారిపోతుంది. బీమా డబ్బు నష్టాన్ని మాత్రమే మరొకరికి బదిలీ చేయగలదు. ప్రాణనష్టాన్ని బదిలీ చేయలేదు.

ఈ నాలుగు ప్రశ్నల తరువాత మిగిలిన ముప్పులకు గుణకారం చక్కగా పనికివస్తుంది. పట్టిక 1లో ‘ఈ’ ముప్పు మొదటి వరుసకు, దానితో ముడిపడిన ‘ఆ’ రెండో వరుసకు చేరుతాయి. బేరింగు, సిమెంటు ఆ తరువాత వస్తాయి. అంకెలు మారలేదు, క్రమం మారింది.

ఒప్పంద పత్రాల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. బ్రిటన్‌లో సొరంగ నిపుణుల సంఘం, బీమా సంస్థల సంఘం కలిసి 2003లో సొరంగ పనుల ముప్పుల నిర్వహణకు ఉమ్మడి నియమావళి రూపొందించాయి. 2006లో దానికి అంతర్జాతీయ రూపం వచ్చింది. పథకం ఊహ దశ నుంచి పూర్తయ్యేదాకా ముప్పుల పట్టికను సజీవ పత్రంగా కొనసాగించాలన్నది దాని మూలసూత్రం. ఒకసారి రాసి బీరువాలో పెట్టిన పట్టిక ముప్పును తగ్గించదు. రాయి మారినప్పుడల్లా పట్టిక మారాలి.

జాప్యం కూడా ముప్పే

ఇంజినీరింగ్ పట్టికల్లో జాప్యాన్ని ఖర్చు పెరుగుదలగా మాత్రమే లెక్కిస్తారు. ఆయకట్టు గ్రామానికి అది వేరే రూపంలో చేరుతుంది. అయిదేళ్లలో వస్తుందన్న నీరు ఇరవై ఏళ్లయినా రాకపోతే, ఆ మధ్యకాలంలో రైతు బోరు వేస్తాడు. అది ఎండితే అప్పు చేసి మరింత లోతుకు దించుతాడు. ఫ్లోరైడ్ నీరు తాగుతూ ఒక తరం పిల్లలు పెద్దవారవుతారు. ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్‌ను వెనక్కి తిప్పే వైద్యం లేదు. అంటే మొదటి ప్రశ్న ప్రకారం ఇదీ మొదటి వరుస ముప్పే.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. భద్రతకు సమయం కేటాయిస్తే నీరు ఆలస్యమవుతుందని, నీరు త్వరగా రావాలంటే కొంత ముప్పు తప్పదని భావించేవారున్నారు. ఈ సొరంగం చరిత్ర అందుకు విరుద్ధంగా ఉంది. 2009 అక్టోబరు కృష్ణా వరదలకు ప్రవేశ భాగం మునిగి పని ఆగింది. 2025 ప్రమాదంతో దోమలపెంట వైపు యంత్రమే శిథిలమైంది, మిగిలిన భాగానికి తవ్వకపు పద్ధతినే మార్చుకోవలసి వచ్చింది. ముందస్తు పరీక్షకు కొన్ని నెలలు పట్టవచ్చు. ప్రమాదం తినేసే కాలం సంవత్సరాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నందువల్ల నీరు ముందుగా రాదు.

విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం

సొరంగం లోపలి నిర్ణయాలు వ్యవసాయ శాస్త్రవేత్తల చేతిలో లేవు. ఆయకట్టులోని నిర్ణయాలు మాత్రం వారి సలహాపై ఆధారపడతాయి. పాలెం, కంపాసాగర్ పరిశోధన స్థానాల పరిధిలో పనిచేసే వారికి ఇదే క్రమం నేరుగా ఉపయోగపడుతుంది.

రైతు తీసుకునే నిర్ణయాల్లో కొన్ని ఒక పంటకాలానికే పరిమితం. జొన్న బదులు కంది, పత్తి బదులు ఆముదం వేసి నష్టపోతే మరుసటి ఖరీఫ్‌లో మార్చుకోవచ్చు. కొన్ని నిర్ణయాలు వెనక్కి తీసుకోలేనివి. నల్లగొండ బత్తాయి తోట ఇందుకు మంచి ఉదాహరణ. మొక్క నాటిన నాలుగైదేళ్లకు గాని కాపు మొదలుకాదు. అప్పటిదాకా పెట్టుబడి మాత్రమే. కాపుకొచ్చిన చెట్టు రెండు ఎండాకాలాలు నీరందక ఎండితే ఆ పెట్టుబడి అంతా పోతుంది. కాలువ వస్తుందన్న ఆశతో బత్తాయి నాటడం, చల్కా నేలను వరి మడిగా చదును చేయడం, అప్పుతో లోతైన బోరు వేయడం ఒకే వర్గానికి చెందిన ముప్పులు. నికరాదాయ లెక్కల్లో ఇవి ఆకర్షణీయంగా కనిపిస్తాయి కాబట్టే మరింత జాగ్రత్త అవసరం.

అందువల్ల పథకం ఆయకట్టులో పంటల ప్రణాళిక రూపొందించేటప్పుడు నీరు వచ్చే తేదీని వాస్తవంగా కాక ముప్పుగా పరిగణించాలి. మూడు పరిస్థితులను పక్కపక్కన రాసుకోవడం మంచిది: ప్రకటించిన తేదీకే నీరు రావడం, అయిదేళ్లు ఆలస్యం కావడం, ఆ పొలానికి అసలే చేరకపోవడం. కాలువ చివరి భూములకు మూడో పరిస్థితి అసాధారణం కాదు. మూడింటిలోనూ నిలబడే సిఫారసులను ముందుగా ఇవ్వాలి. నీటి కుంటలు, బిందు సేద్యం, కందితో అంతర పంటలు, వర్షాధారానికి తగిన రకాలు ఈ కోవలోకి వస్తాయి. మొదటి పరిస్థితిలో మాత్రమే లాభించే సిఫారసులను ఆ షరతును స్పష్టంగా చెప్పి ఇవ్వాలి. ఇప్పటికే ఉన్న తోటలకు ఎండాకాలపు కనీస నీటి అవసరాన్ని లెక్కించి, బోరు ఇచ్చే నీటితో సరిపోల్చి, ఎన్ని చెట్లను నిలుపుకోగలరో రైతుతో కలిసి నిర్ణయించాలి.

విద్యార్థులకు క్షేత్ర అభ్యాసంగా ఒక గ్రామాన్ని ఎంచుకుని ముప్పుల పట్టిక తయారు చేయించవచ్చు. ముందు గుణకారంతో ఒక వరుస, తరువాత నాలుగు ప్రశ్నలతో మరో వరుస తయారు చేయాలి. రెండింటి మధ్య ఏ ముప్పులు స్థానం మార్చుకున్నాయో, ఎందుకు మార్చుకున్నాయో రైతుల సమక్షంలో చర్చించాలి. అటువంటి చర్చలో రైతులు చెప్పే క్రమం చాలాసార్లు రెండో వరుసకే దగ్గరగా ఉంటుంది. నష్టాన్ని మోసేవారికి తిరిగి రానిదేదో ముందే తెలుసు.

ముగింపు

ముప్పుల పట్టికలో అంకెలు వేయడం సాంకేతిక పని. వాటిని వరుసలో పెట్టడం విలువలకు సంబంధించిన నిర్ణయం. ఎవరి ప్రాణం, ఎవరి కాలం ముందు లెక్కకు వస్తాయో ఆ వరుస చెబుతుంది. దోమలపెంట సొరంగంలో పనిచేసినవారిలో అనేకులు దూర రాష్ట్రాల నుంచి వచ్చారు. తమకు ఎన్నడూ అందని నీటి కోసం వారు భూమి లోపలికి దిగారు. నల్లగొండ మెట్ట పొలాలకు ఆ నీరు చేరవలసిందే. మిగిలిన 9.5 కిలోమీటర్లను తవ్వేటప్పుడు రాతి పరీక్ష, బయటపడే దారి, పని ఆపే అధికారం పట్టికలో మొదటి మూడు వరుసల్లో ఉండాలి. నీరు వచ్చేదాకా ఆయకట్టు రైతు ఇచ్చిన మాట మీద కాక ఉన్న తేమ మీద సేద్యం చేసేలా తోడ్పడడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత.